ఇంకొకరి బదులు నమిలినదాన్ని

నేను ఒక చిన్న ఇత్తడి రోలుని. అరచేతిలో ఇమిడిపోతాను. బొటనవేలంత లావున్న రోకలి ఒకటి ఎప్పుడూ నాలోనే నిలబడి ఉంటుంది. మీ ఇంట్లో అల్లం దంచే రోలు ఉంటుందే, ఆవిడ నాకు పెద్దమ్మ వరస అనుకోండి. నా పని ఆకూ వక్కా దంచడం. పళ్ళు లేనివాళ్ళకి నోటి బయటే నమిలి పెట్టడం అన్నమాట. దేవుడు మనిషికి వరసగా పళ్ళిచ్చాడు, వాటిని ఆడించడానికి దవడలో కండలిచ్చాడు, అవి పోయాక ఏం చెయ్యాలో మాత్రం చెప్పడం మరిచిపోయాడు. ఆ మరుపులోంచి పుట్టాను నేను.

నన్ను పోత పోసింది ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి అనే ఊళ్ళో సోమలింగం అనే కంచరి. మట్టి అచ్చు పగలగొట్టి, ఆకురాయితో నా అంచులు రాసి, రోకలితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "బాగానే పలుకుతంది" అన్నాడు. అదే నాకు జరిగిన బారసాల.

విజయనగరంలో సిరిమాను సంబరంలో నన్ను కొన్నవాడు గవరయ్య. భార్య సన్యాసమ్మకి పళ్ళూడిపోయాయి. రోజూ భోజనాలయ్యాక ఆయన గుమ్మంలో కూర్చుని, తమలపాకు ఈనె తీసి, నానబెట్టిన వక్క వేసి, గోటితో సున్నం రాసి దంచేవాడు. "ఇందా" అని చెయ్యి చాచేవాడు. అంతకు మించి మాట ఉండేది కాదు. సన్యాసమ్మ ఆ ముద్ద బుగ్గన పెట్టుకుని, "ఈ ముసిలోడికి దంచడం తప్ప మరేటీ రాదు" అని వీధిలో అందరికీ వినిపించేలా అనేది. ఆ మాట తిట్టులా ఉండేది కాదు, మెడలో గొలుసు చూపించుకున్నట్టు ఉండేది.

ఆవిడ పోయాక కూడా గవరయ్య అలవాటుగా దంచాడు. "ఇందా" అనబోయి ఆగాడు. కాసేపు నాలోకి చూసి, ఆ ముద్ద తనే నోట్లో వేసుకున్నాడు. చెరుకుగడ చీల్చే పళ్ళు ఆయనవి. అయినా బతికినన్నాళ్ళూ దంచిన ఆకే తిన్నాడు. మనుషుల్లో ఈ గుణం ఒకటుంది. మనిషి పోయినా ఆ మనిషికి చేసే పనిని పోనివ్వరు.

తరవాత నేను వాళ్ళ కోడలు అప్పలనరసమ్మ చేతికి వచ్చాను. దగ్గుకి మిరియాలు, పాయసానికి ఏలకులు, పిల్లాడికి జ్వరమొస్తే మాత్రలు దంచాను. ఇంటికి మిక్సీ వచ్చాక నన్ను గూట్లో పెట్టి బొత్తాలూ పిన్నీసులూ పోశారు. ఇత్తడికి కన్నీళ్ళు రావు, కిలుం పడుతుంది అంతే.

నేను ఆ గూట్లో ఉండగానే ఆ పిల్లాడు పెద్దవాడై, అప్పలనరసమ్మకి సత్యవేణి కోడలిగా వచ్చింది. ఆర్టీసీలో కండక్టరు, పాలకొండ బస్సు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, ఇంకా పెద్ద నవ్వు. ఆవిడ తినడం నేను చూసేదాన్నని చెప్పలేను, చూసేలోపే అయిపోయేది. ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ మధ్య డబ్బా ఖాళీ చేసే ఉద్యోగం కదా, ఇంట్లోనూ అదే వేగం. పప్పన్నం మెత్తగా పిసకడం, ముద్ద చెయ్యడం, మింగడం. పాపం ఆవిడ పళ్ళు, ఆగని బస్సు కోసం స్టాపులో నిలబడ్డ ప్రయాణికుల్లా ఊరికే చూస్తూ ఉండిపోయేవి.

ఒళ్ళు పెరిగింది. మోకాళ్ళు నొప్పులు, ఆయాసం, చక్కెర. నిండిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకి నడవలేకపోయింది. డిపోలో కూర్చునే పని ఇస్తామన్నారు. మేలు చేస్తున్నామనే అన్నారు. సత్యవేణి ఇంటికొచ్చి ఏడ్చింది. "కుర్చీలో కూకుంటే నేను కండక్టర్నేటత్తమ్మా? నాకు నా బస్సు కావాల."

విశాఖపట్నంలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. ముందు నీళ్ళు, తరవాత జావలు, ఆ తరవాత మెత్తటి పదార్థాలు. అంతా సవ్యంగానే సాగింది. పొట్ట గుప్పెడైంది గానీ నోరు మాత్రం పాతదే. మొదటిసారి ఇడ్లీ పెట్టిన రోజు, పాత వేగంతోనే రెండు గుటకల్లో మింగేసింది. అది గుండెల దగ్గర ఇరుక్కుంది. కళ్ళమ్మట నీళ్ళు, నోట్లో ఊట, చివరికి వాంతి. పక్కన నిలబడ్డ అప్పలనరసమ్మ కేక పెట్టింది. "ఓలమ్మో, నా కోడలు!"

ఆ సాయంత్రమే నాలోని బొత్తాలు ఒంపేసి, చింతపండుతో తోమి, ఎండలో పెట్టింది. నా సంతోషం ఏమని చెప్పను! మళ్ళీ ఉద్యోగం. గుప్పెడు తిండికి మిక్సీ తిరగదు, అందుకు నేనే సరిపోయాను. ఇడ్లీ దంచాను, చపాతీ దంచాను, ఉడికిన బీన్సు, చేప ముక్క దంచాను. డాక్టర్లు ఇక మామూలు తిండి మొదలుపెట్టమన్నాక కూడా దంచాను. ఆఖరికి పెరుగన్నం కూడా దంచాం. పెరుగన్నం దంచడమేమిటని నాకే సిగ్గేసింది గానీ, పని ఇచ్చేవాళ్ళని ప్రశ్నించేంత తెలివి రోలుకి ఉండదు.

సత్యవేణి బరువు తగ్గింది. మెట్లెక్కుతోంది, నవ్వుతోంది. తిండి దగ్గర మాత్రం భయం పోలేదు. సెలవు అయిపోతోంది, బస్సులో రోలు పెట్టుకుని తిరగడం కుదరదు కదా. ఒకరోజు ధైర్యం చేసి జామకాయ ముక్క కొరికింది. నాలుగుసార్లు నమిలేసరికి బుగ్గ పట్టుకుని కూలబడింది. "దవడ పీకేస్తందత్తమ్మా!"

మళ్ళీ ఆసుపత్రి. అప్పలనరసమ్మ నన్ను సంచీలో వేసుకుని తెచ్చింది, తను కోడల్ని ఎంత బాగా చూసుకుంటోందో చూపించాలని. డాక్టరు మేఘన దవడల సంగతి చూసే ఆవిడ. సత్యవేణి రెండు బుగ్గల మీదా తీగలున్న బిళ్ళలు అంటించి, పళ్ళ మధ్య దూది పెట్టి గట్టిగా కొరకమంది. తెర మీద దవడ బలం చూపే గీత చీమల బారులా సాగింది. "ఏదీ, మీరొకసారి కొరకండి" అని అత్తగారికీ అంటించింది. ఆ గీత సింహాచలం కొండల్లా లేచింది.

"మీరేం తింటారమ్మా?"

"ఏటి తిన్ను? తేగలు తింటాను, ఎండుచేప తింటాను, మా ఆయన మాటంటే ఆయన్నీ తింటాను."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే అప్పలనరసమ్మ నన్ను బల్ల మీద పెట్టి, "కోడలికి మాత్రం గింజ కూడా నమలనివ్వనమ్మా. అన్నీ ఇందులో దంచే పెడతాను" అంది గర్వంగా. డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. వెచ్చటి చెయ్యి.

"మీ కోడలి దవడ చెయ్యాల్సిన పనంతా ఇది చేసేస్తోందమ్మా. అందుకే ఆ కండ బద్ధకించింది. పొట్ట చిన్నదైనప్పుడు నోటి పని పెరగాలి. చిన్న ముక్క, బాగా నమలాలి, అప్పుడది ఇరుక్కోదు. నెమ్మదిగా తింటే చాలన్న సంగతి కూడా తెలుస్తుంది. ఇదీ కాలి కండ లాంటిదే, వాడితే వస్తుంది. ఈ రోలుకి సెలవివ్వండి."

అప్పలనరసమ్మ మొహం చిన్నబోయింది. "నేను చేసింది తప్పేటమ్మా?"

"తప్పెందుకవుతుంది? కొన్నాళ్ళు కావలసిందే అది. ఆ కొన్నాళ్ళూ అయిపోయాయి."

ప్రతి ముద్దనీ లెక్కపెట్టి నమలమని చెప్పి పంపింది. అక్కడే వచ్చింది చిక్కు. సత్యవేణి కండక్టరు. లెక్కపెట్టడం మొదలుపెడితే చాలు, ఒళ్ళంతా ట్రిప్పు మోడ్‌లో పడిపోతుంది. స్టేజీ వచ్చేలోగా తలలు లెక్కపెట్టే అలవాటు కదా, ఒకటి, రెండు అనుకునేలోపు లెక్క పరుగెత్తేది, లెక్కతోపాటు దవడా పరుగెత్తేది, ముద్ద గొంతులోకి జారేది. మళ్ళీ భయం, మళ్ళీ కంచం పక్కకి. నేను గూట్లోంచి ఆశగా చూస్తున్నాను. నిజం చెప్పాలంటే, పిలుస్తారనే అనుకున్నాను.

అప్పలనరసమ్మ నా వైపు రెండడుగులు వేసింది కూడా. అంతలో ఏమనుకుందో, వెనక్కి తిరిగి, తనకూ కంచం పెట్టుకుని కోడలి ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో ఆవిడ అందరితో పాటు కూర్చుని తినడం అదే మొదలు. ఎప్పుడూ అందరూ తిన్నాక, గిన్నె గీసుకుని తినే మనిషి.

"లెక్కా వద్దు, గిక్కా వద్దు. నేనో సంగతి చెప్తాను. నా మాట అయ్యేదాకా మింగకు."

మొదలుపెట్టింది. పక్కింటి ఎర్రయ్యమ్మ వియ్యపురాలు పెళ్ళికొచ్చి, అలిగి, విడిదింట్లో తలుపేసుకుని, లోపల గడియ పడిపోయి, అలక తీరాక కూడా బయటికి రాలేకపోయిన సంగతి. అప్పలనరసమ్మ వాక్యానికి మొదలుంటుందిగానీ చివరుండదు. వియ్యపురాలి దగ్గర ఎత్తుకుని ఆవిడ చీర మీదికి, చీర మీంచి కొట్టు మీదికి, కొట్టు మీంచి కొట్టువాడి పెళ్ళాం మీదికి వెళ్ళిపోయింది. సత్యవేణి నములుతూనే ఉంది. నవ్వొచ్చి బుగ్గలుబ్బాయి.

"అత్తమ్మా, ముద్ద నీళ్ళయిపోయింది. ఇంక మింగొచ్చా?"

"ఉండు, ఆ వియ్యపురాలు కిటికీ దగ్గరికి ఇంకా రాలేదు."

అలా చపాతీ ముక్క వెళ్ళింది. తరవాత బీన్సు, ఆ తరవాత కోడి ముక్క. బుగ్గ నొప్పి మొదట్లో రోజూ వచ్చేది, తరవాత అప్పుడప్పుడూ, ఆపైన దాని సంగతే మరిచారు. ఊళ్ళో సంగతులైపోతే అప్పలనరసమ్మ కొత్తవి కల్పించేది. నా మీద మళ్ళీ కిలుం పడుతోంది. ఈసారి దిగులనిపించలేదు, ఆ వియ్యపురాలు ఎలా బయటపడిందో నాకూ వినాలనుంది.

సత్యవేణి డ్యూటీలో చేరే రోజు వచ్చింది. పాలకొండ బస్సే. అప్పలనరసమ్మ డబ్బా కట్టి, నన్ను కూడా గుడ్డలో చుట్టి సంచీ అడుగున దోపేసింది. ప్రేమకి ధైర్యం తక్కువ.

పాలకొండలో బస్టాండు బల్ల మీద సత్యవేణి సంచీ తెరిచింది. నేను బయటపడ్డాను. డ్రైవరు జగ్గారావు విరగబడి నవ్వాడు. "ఏటి మేడమ్, బస్సులో నాటు వైద్యం కూడా మొదలెట్టేరేటి?"

"బస్సుకి స్టెప్నీ ఉంటాది కదా జగ్గారావ్, ఇది నా నోటికి స్టెప్నీ. మా అత్తమ్మ పంపింది."

కంట్రోలరు మైకులో బస్సు పేరు పిలిచాడు. కిటికీల్లోంచి ప్రయాణికులు కేకలు. సత్యవేణి చెయ్యి తనంతట తను పాత రోజుల్లోకి వెళ్ళిపోయి పెద్ద ముద్ద చేసింది. అది పెదాల దాకా వెళ్ళింది. నా వైపు చూసింది. నేను వణికాను, బల్ల కదిలిందేమో. ముద్ద తిరిగి డబ్బాలోకి వెళ్ళింది. అందులోంచి చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది.

"టైమైపోతంది మేడమ్! ఇలగ ఆవు నెమరేసినట్టు నమిల్తే మనం బొబ్బిలి చేరీసరికి చీకటడిపోద్ది. లేటైతే రిపోర్టు నాకే రాస్తారు, మా ఇంటిది కూడా నన్నే అంటాది, పోనీ అని..."

సత్యవేణి నిండు బుగ్గతో చెయ్యూపింది. మింగాక అంది, "ఆపకు జగ్గారావ్, మా అత్తమ్మలాగ మాటాడతానే ఉండు. నువ్వు ఎంత తిడితే నాకంత బాగా దిగుతంది."

పాపం అతను నిజంగానే ఆపలేదు. డబ్బాలో తినాల్సినంత తిని, మూత పెట్టి, మూతి తుడుచుకుని, ఆవిడ బస్సెక్కింది. ముందు తలుపు దగ్గర మొదలుపెట్టి, బస్తాలూ బుట్టలూ దాటుకుంటూ, వెనక సీటు దాకా ఒక్క ఊపున నడిచింది. "టికెట్, టికెట్!" ఆ గొంతుకి సంచీలో ఉన్న నేను కూడా మోగాను. కాసేపాగి విజిల్ వేసింది. బస్సు కదిలింది.

సత్యవేణి ఇంటికి రాగానే అప్పలనరసమ్మ కోడల్ని పలకరించకుండా సంచీలో చెయ్యి పెట్టింది. నన్ను తీసి, లోపల వేలితో తడిమింది. పొడిగా ఉన్నాను. వేలు వాసన చూసింది. ఇత్తడి వాసన తప్ప ఏమీ లేదు.

"ముట్టుకోనేలేదేటే?"

"ముట్టుకోలేదత్తమ్మా."

ఆవిడ నన్ను కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. తుడవడానికి నాలో ఏమీ లేదు, అయినా చాలాసేపు తుడిచింది. తరవాత వేయించిన శనగలు చేటలో పోసుకుని ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. ఒక్కో గింజా వేసుకుంటున్నారు. ఒక దవడ కాస్త జోరుగా, ఒకటి కాస్త నెమ్మదిగా. టక్, టక్ మని చప్పుడు. ఎన్నో ఏళ్ళు ఆ చప్పుడు నేనే చేశాను, వినడం మాత్రం ఇదే మొదలు. బాగుంటుంది.