పక్క బల్ల మీది మిషను

నేను ఒక మైక్రోస్కోపును. అంబాలా ఫ్యాక్టరీలో పుట్టి చీరాల చేరాను. డాక్టర్ విశాలాక్షి గారి ల్యాబులో ప్రతి విజయదశమికీ మొదటి కుంకుమ బొట్టు నాకే పెట్టేవారు. ఈ ఏడు బొట్టుతో పాటు బంతిపూల దండ కూడా పక్క బల్ల మీది కొత్త మిషనుకు దక్కింది. దానికి కన్ను లేదు. మూత్రాశయంలో క్యాన్సర్ మొదలైతే మూత్రంలోకి దిగే ఒక ప్రోటీన్‌ను పసిగట్టి అంకె చూపిస్తుంది. ఆ మాత్రానికే దండా అని కుమిలిపోయాను.

ఆ వారంలోనే అప్పయ్య వచ్చాడు. చిన్నప్పటి నుంచీ నూలుకు రంగులద్దిన మనిషి. నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడిందట. ఆయన తెచ్చిన సీసాకు మిషను పెద్ద అంకె చూపింది. నాకేమో ఉబ్బి చివికిపోయిన కణాలు తప్ప ఏమీ కనిపించలేదు. మిషను చెప్పింది తప్పు కావాలని కోరుకున్నాను. అది తప్పయితే అప్పయ్యకే మంచిది కదా అని నా అసూయకు మంచి పేరు కూడా పెట్టుకున్నాను.

"ఇన్ఫెక్షన్ ఉన్నా మిషను ఇలాగే చూపిస్తుంది. కణాలు చూడందే నేనేం చెప్పలేను," అంది డాక్టరు. "అప్పయ్యగారూ, ఇది పొద్దున లేవగానే పట్టిందా?"

"అవునమ్మా. స్నానం చేశాక అది ముట్టుకుని పూజలో ఎట్టా కూర్చునేది?"

"రాత్రంతా నిలవున్న దాంట్లో కణాలు పాడైపోతాయి. అందుకే రెండోసారిది తెమ్మన్నాను."

"అయితే మళ్లీ స్నానం చెయ్యాల."

"చెయ్యండి. మీ దేవుడేం నీళ్ల బిల్లు అడగడులెండి."

మర్నాడు రెండో సీసా వచ్చింది. ఈసారి నాకు స్పష్టంగా కనిపించింది. కణం నడుమ చిన్నగా ఉండాల్సిన కేంద్రకాలు కణమంతా నిండి, నల్లబడి, అంచులు వంకరపోయి ఉన్నాయి. నేనూ పట్టుకున్నానని పొంగిపోయాను. అంతలో బయట బెంచీ మీద విష్ణుసహస్రనామం గొణుగుతున్న అప్పయ్య గొంతు వినబడింది. నా గెలుపు ఆయన జబ్బు. ఇనుముకు కూడా దేవుడు ఈ గుణం ఎందుకిచ్చాడో తెలియదు.

ఆసుపత్రిలో కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసి తీసిన ముక్క కూడా నా కిందికే వచ్చింది. జబ్బు లోపలి పొర దగ్గరే ఆగింది. కండలోకి దిగలేదు. గీకి తీసేశారు.

కొన్నాళ్లకు అప్పయ్య మామిడిపండు రంగు గుడ్డ ఒకటి తెచ్చాడు. కొన్ని రంగుల్లోని రసాయనాలే ఈ జబ్బు తెస్తాయని డాక్టరు చెప్పింది కాబట్టి ఇక రంగుల జోలికి పోనని, తాను చివరిసారి అద్దింది ఇదేనని చెప్పాడు. "నా జబ్బు ముందు పట్టిచ్చింది ఏదమ్మా?"

డాక్టరు అబద్ధమాడలేదు. మిషను వైపు చూపింది. ఆయన గుడ్డను దాని మీద కప్పి దణ్ణం పెట్టాడు.

ఆయన వెళ్లాక ఆవిడ నా అద్దం తుడిచి, ఇంకెవరిదో స్లైడు పెట్టి, కన్ను ఆనించింది. మిషను దగ్గర ఆవిడ ఎప్పుడూ అంతసేపు ఉండదు. నాకది చాలు. చాలనే అనుకుంటున్నాను. ఆ గుడ్డ రంగు మాత్రం చాలా బాగుంది.