ఉత్తుత్తి కార్డు

ఏసీ చలికి వేసుకున్న స్వెట్టర్ చేతులు మోచేతుల దాకా మడుచుకుని, ఆవిడ మళ్ళీ రీసెట్ నొక్కింది. అసలు కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ నడుస్తోంది. దానికొక ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు. ఒకరు వాడిన ఆ కార్డును ఇంకొకరికిచ్చే ముందు ఆపితే, అప్పుడే కొన్నట్టు మళ్ళీ లేస్తోందా లేదా అని చూడడం ఆవిడ పని. చేత్తో తాకడానికి ఏమీ లేని ఆ పనిలోనే జుట్టు నెరిసింది. ఆఫీసంతా పిన్ని అంటారు. ఉద్యోగానికి ఇవాళే ఆఖరు.

ఊరికే ఉన్న కార్డు శుభ్రంగానే లేచింది. సమాచారం పంపుతుండగా ఆపితే మాత్రం, లేచీ లేవగానే పాత సగం ముక్కను బయటికి పంపింది. పిన్ని మళ్ళీ చేసి చూసి, 'ఫెయిల్' అని రాసింది.

కార్డు ప్రోగ్రాం రాసిన కుర్రాడు కుర్చీతో సహా జరిగొచ్చాడు. వేరే ఊళ్ళో అతని భార్యకు నిన్న పాప పుట్టింది. పిన్ని పాస్ చేస్తేనే అతనికి సాయంత్రం రైలు.

"పిన్నీ, వెళ్ళేరోజైనా నన్ను వదిలిపెట్టకూడదా? రవ్వంత ముక్క. ఎవరు చూడొచ్చారు?"

"రవ్వంతైనా అది ముందు వాడుకున్నవాళ్ళది. కొత్తవాళ్ళకెందుకు పోవాలి? పొయ్యి మీద పాలు వదిలేసి ఇల్లు ఖాళీ చేస్తారట్రా ఎవరైనా?"

భర్త ఉండగానూ, పోయాకా ఆవిడవన్నీ అద్దె కాపురాలే. ఖాళీ చేసిన ప్రతి ఇంట్లో మేకులు పీకి, కన్నాలు పూడ్చి, గచ్చు కడిగి, తడి ఆరాకే తాళం ఇచ్చేది. చేరిన ఇళ్ళలో మాత్రం ఎవరిదో దువ్వెన, ఎవరిదో మందుసీసా దొరికేవి. వాటిని కాసేపు చేతిలో పట్టుకుని గానీ పారేసేది కాదు.

కుర్రాడు ఫోన్‌లో రైలు టైము చూసుకున్నాడు. ఆవిడ చెయ్యి 'ఫెయిల్'ను చెరపబోయి ఆగింది.

"పాప ఫొటో ఏదీ?"

చూపించాడు.

"ముక్కు నీదే. పాపం!" అంది. "ఇలా జరుగు. ఇద్దరం వెతుకుదాం."

భోజనం మానేసి వెతికారు. రీసెట్ చేస్తే కార్డులో అన్నీ చెరిగిపోతున్నాయి గానీ, పంపాల్సిన ముక్కలు వరుసలో నిలబడే చోటు ఖాళీ కావడం లేదు. అది దొరికింది కుర్రాడికే.

"పొద్దున్నుంచీ నా కళ్ళెదుటే ఉంది కదా పిన్నీ!"

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. కానీ, కానీ."

సరిచేశాడు. పంపుతుండగా ఆపారు, మళ్ళీ ఆపారు. కార్డు ఏమీ ఎరగనట్టు లేచింది. పిన్ని 'పాస్' అని రాసింది.

"మరి మీ వీడ్కోలు కేకు?" అన్నాడు, సంచి భుజానికి తగిలించుకుంటూ.

"నాకు తీపి పడదు. రైలు చూసుకో."

అతను వెళ్ళాక సొరుగు ఖాళీ చేసి, బల్ల తుడిచి, కీబోర్డు సందుల్లో దుమ్ము ఊదింది. కింద కాపలా అతనికి గుర్తింపు కార్డు ఇచ్చేసి, రోజూలాగే "వస్తానయ్యా" అంది.

కేకు కోయడానికి ఆవిడను పిలవొచ్చినవాళ్ళకు బల్ల మీద కాగితం ముక్కైనా కనిపించలేదు. కుర్చీకి మాత్రం స్వెట్టర్ వేలాడుతోంది, చేతులు ఇంకా మోచేతుల దాకా మడిచే ఉన్నాయి.