అరవై నాలుగో నంబరు

బడి మానేసిన పిల్లల్ని మళ్ళీ బడికి తేవడమే ఆఫీసు గదిలో మూడో బల్ల దగ్గర కూర్చునే గుమస్తా పని. పిల్లలు ఆవిడకి రిటర్న్ టికెట్ అక్క అని పేరు పెట్టారు. పదకొండేళ్ళలో నూట నాలుగు మందిని వెనక్కి తెచ్చింది. అందులో ఒకణ్ణి మూడుసార్లు తెచ్చింది కాబట్టి లెక్క నూట ఆరని ఆవిడ వాదన.

అంతటి మనిషీ ఈ ఉదయం తొమ్మిదో తరగతి కిటికీ పక్కన బల్లిలా గోడకి అతుక్కుని నిలబడి ఉంది. అరచేతులు ఎంత చెమట పట్టాయంటే, గోడకి వేసిన సున్నం సగం చేతులకే వచ్చింది.

లోపల చివరి బెంచీలో టైలర్ గారి అమ్మాయి కూర్చుని ఉంది. ఆ పిల్లకి ఏడాదిన్నర కింద కామెర్లు వచ్చాయి. కామెర్లు రెండు నెలల్లో తగ్గిపోయాయి. వెనకబడిపోయానన్న సిగ్గు మాత్రం కదలనని మొండికేసి కూర్చుంది. చివరికి అక్క వాళ్ళింటికి ఇరవైసార్లు తిరిగి, మళ్ళీ చేర్పించింది. తిరిగి చేరినవాళ్ళకి పది రోజులు గడువు. ఆలోగా ఒక్కరోజైనా రిజిస్టర్లో హాజరు పడకపోతే పేరు కొట్టేస్తారు, ఇక వచ్చే ఏడాదే. తొమ్మిది రోజులు ఆ పిల్ల గేటు దాకా వచ్చి, గేటుకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఈవేళ పదో రోజు.

పొద్దున గేటు దగ్గర కాళ్ళు కదలనంటే అక్క ఒక పని చేసింది. బడి మానేసినవాళ్ళ గుర్తింపు కార్డు మూల కత్తిరించి పడెయ్యాలని రూలు. ఈ పిల్ల కార్డు ఆవిడ కత్తిరించలేదు. సొరుగులోంచి తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

"కొయ్యలేదేంటక్కా?"

"ఆఫీసు కత్తెరతో వెన్న కూడా తెగదు తల్లీ. పట్టుకెళ్ళు. ఇది నీ బడే."

పిల్ల కార్డు చూసుకుంది. నవ్వలేదు గానీ నడిచింది. వాళ్ళ నాన్న మెడలో టేపుతో గేటు బయటే ఉండిపోయాడు. కంగారు పుడితే ఆయన కనబడ్డదల్లా కొలుస్తాడు. తొమ్మిది రోజుల్లో ఆ గేటుకి సూటు కుట్టడానికి సరిపడా కొలతలు తీసుకున్నాడు.

లెక్కల మాస్టారు రిజిస్టరు తెరిచారు. ఆయన హాజరు పిలిచే వేగానికి ముందు బెంచీ వాళ్ళ జుట్టు చెదురుతుంది. ఒకసారి పెన్ను మూత పెట్టారంటే మళ్ళీ తియ్యరు. ఒక ఏడు భూకంపం ఆలస్యంగా వచ్చిందని దానికీ ఆబ్సెంటు వేశారని పిల్లలు చెప్పుకుంటారు.

"పదిహేను."

"ఉన్నానండి."

"పదహారు."

"ఉన్నానండి."

"పదిహేడు."

"ఉన్నానండి," అన్నాయి రెండు గొంతులు.

అక్క గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ కార్డు మీద ఉన్నది పదిహేడు. పాత నంబరు. కొత్త నంబరు అరవై నాలుగని మొన్నే చెప్పింది. చెప్పిన నోటితోనే ఈవేళ పాత కార్డు ఇచ్చి, ఇది నీ బడేనంది.

తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. టైలర్ గారి అమ్మాయి చెయ్యి సంచీ మీదికి వెళ్ళింది. సంచీ దొరికితే గుమ్మం రెండు అంగలే.

ఇప్పటి పదిహేడో నంబరు రెండు జడల పిల్ల. వెనక్కి తిరిగి నింపాదిగా చూసింది.

"కావాలంటే తీసేస్కో. ఈ నంబరొచ్చాక నాకు అన్నిట్లో పదిహేడు మార్కులే వస్తున్నాయి."

నవ్వులు లేచాయి. మాస్టారు తల ఎత్తలేదు. "పద్దెనిమిది," అన్నారు.

అరవై నాలుగు రావడానికి నిమిషం పట్టి ఉంటుంది. ఆ నిమిషంలో అక్కకి ఓ పదేళ్ళు మీద పడ్డాయి. లోపలికి వెళ్ళి చెబుదామంటే పిల్ల తరఫున ఇంకొకరు పలికితే చెల్లదు. కిటికీలోంచి వేళ్ళతో ఆరూ నాలుగూ చూపించింది. కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు కూడి పది అని రాసుకున్నాడు.

"అరవై మూడు."

"ఉన్నానండి."

"అరవై నాలుగు."

ఎవరూ పలకలేదు. సంచీ పట్టీ పిల్ల వేళ్ళ చుట్టూ బిగిసింది. మాస్టారు పెన్ను మూత కోసం బల్ల మీద తడిమారు. మూత దొరికింది.

"ఉన్నానండి," అంది పిల్ల. సగం గొంతే వచ్చింది. అందుకని లేచి నిలబడి మిగతా సగం కూడా పంపింది. "ఉన్నాను మాస్టారూ. ఇందాక పలికింది కూడా నేనే. అది పాత నంబరు."

మూత గాల్లోనే ఆగింది. ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు.

"రెండుసార్లు పలికినా ఒక్కసారే వేస్తాను. కూర్చో."

వేశారు. అప్పుడుగానీ అక్క గోడని వదల్లేదు.

ఇంటర్వెల్లో పిల్ల మూడో బల్ల దగ్గరికొచ్చి కార్డు పెట్టింది.

"ఇది కోసెయ్యక్కా. చేతిలో ఉంటే రేపు కూడా పదిహేడనే పలుకుతాను."

"రేపొస్తావా?"

పిల్ల కార్డు మీది నంబరు ఇంకోసారి చదువుకుంది. అక్కకి మళ్ళీ చెమట పట్టింది.

"నంబరు చూసుకుని వస్తాను."

అక్క కత్తెర తీసి మూల కొయ్యబోయింది. కార్డు వంగింది గానీ తెగలేదు.

"నిజంగానే మొండిదా?" అంది పిల్ల. "నన్ను ఊరడించడానికి అన్నావనుకున్నా. ఉండు, నాన్న జేబులో ఉంటుంది."

టైలర్ గారు పొద్దున్నుంచీ గేటు వదల్లేదు. పిల్ల పరిగెత్తుకురావడం చూసి, అయిపోయింది, వచ్చేసింది అనుకుని గేటు కమ్మీ పట్టుకున్నాడు.

"కత్తెరివ్వు నాన్నా. బెల్లు కొట్టేస్తారు, తొందరగా."

ఆయన జేబులోంచి కత్తెర తీశాడు. కార్డు మూలకి టేపు పెట్టి కొలిచి, ఫోటోకి తగలకుండా తిన్నగా కోశాడు.