డజను పార్టీకి కుర్చీ

పోయిన ఎన్నికల్లో మా వార్డులో మాకు పడినవి పన్నెండే ఓట్లు. అప్పటినుంచి ఊరంతా మమ్మల్ని డజను పార్టీ అంటోంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడు నా సొంత తమ్ముడే. వాడు అధికార పార్టీ మనిషి.

ఈసారి అదే వార్డులో ఆరువందలు దాటాం. అయినా లెక్కింపు హాల్లో ఏజెంట్లందరికీ కుర్చీలు వేసి నాకు మాత్రం వెయ్యలేదు. అడిగితే తమ్ముడు పళ్ళికిలించాడు.

"డజనుకి కుర్చీ ఎందుకక్కా?"

ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచీ వాడి వెనకే నిలబడ్డాను. బట్టలు కత్తిరించే బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళివి, అంత తేలిగ్గా లొంగవు.

రాష్ట్రం మొత్తం మీద వందకు ఐదు ఓట్లయినా రాకపోతే మా పార్టీ పేరూ, మా నిచ్చెన గుర్తూ ఎన్నికల సంఘం జాబితాలోంచి పోతాయి. మిగతా చోట్లన్నీ తేలిపోయాయి. మా వార్డు లెక్క కలిపినా ముప్పై ఒక్క ఓట్లు తక్కువ. ఆ మాట చెప్పి మా కార్యదర్శి తన లెక్కల చీటీ మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

లెక్కింపు అధికారి ఫలితాల కాగితం నా ముందుకు జరిపాడు. "సంతకం పెట్టండమ్మా, ఇళ్ళకు పోదాం."

పెన్ను అందుకోబోతూ తమ్ముడి తల మీదుగా వాళ్ళ ట్రేలోకి చూశాను. అన్నీ యాభయ్యేసి ఓట్ల కట్టలు. ఓటు కాగితంలో వాళ్ళ గొడుగు అన్నిటికన్నా పైన, మా నిచ్చెన అట్టడుగున ఉంటాయి. ఒక్క కట్టకు మాత్రం కింది అంచంతా ముద్ర సిరా అంటుకుని ఉంది. పది పొరల గుడ్డ ఒక్కసారే కత్తిరించేదాన్ని, పొర తేడా వస్తే అంచులోనే పట్టేస్తాను.

"ఆ కట్ట విప్పండి," అన్నాను.

"పైన గొడుగే ఉంది కదమ్మా!"

"పైది సరే, కిందవి చూడండి."

"నలుగురిలో నా పరువు తియ్యకక్కా," తమ్ముడు గొణిగాడు.

"నీ పరువు సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం. అది విప్పేదాకా సంతకం పెట్టను."

అధికారి విసుక్కుంటూనే రబ్బరు బ్యాండు లాగాడు. పైన ఒక్కటే గొడుగు. దాని కింద నిచ్చెన, నిచ్చెన, నిచ్చెన. మొత్తం నలభై తొమ్మిది! ఎవరో తొందరలో పై కాగితం చూసి ట్రే మార్చేశారు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. కొత్త లెక్క రాయించాకే సంతకం పెట్టాను.

తమ్ముడు లేచి తన కుర్చీ నావైపు జరిపాడు. "కూర్చో అక్కా."

"వద్దులేరా. నించుంటేనే అన్నీ కనబడుతున్నాయి."