పిట్ట పాట వెనక వినబడింది

ఆ వానాకాలం పొద్దున నేను పెరట్లో రాత్రి గిన్నెలు తోముతున్నాను. గోరింట పొద కింద తడి ఆకుల్ని ఎవరో తిరగేస్తున్న చప్పుడైంది. ఎలుకేమో అనుకుని చూస్తే పిట్ట. తల, రొమ్ము నారింజ రంగు. వీపు బూడిద కలిసిన నీలం. తెల్లటి చెంప మీద కాటుక కారినట్టు రెండు చారలు. ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఈ పెరట్లో పిచ్చుకలు, గోరింకలు తప్ప ఇట్లాంటిదాన్ని చూడలేదు. అది జామకొమ్మ మీదికి ఎగిరి పాడటం మొదలుపెట్టింది. చేతుల మసి చేతులకే ఉండగా నిలబడిపోయాను.

తర్వాత రోజూ దాని కోసమే పెందలాడే లేచాను. మంచాన పడ్డ అత్తమ్మకు పక్కబట్టలు మార్చడం, మా ఆయన ముక్తార్ చెప్పుల దుకాణానికి వెళ్ళేలోపు రొట్టెలు కాల్చడం, ఆపైన బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, ఏ పనీ తగ్గలేదు. కానీ ఆ పనుల మధ్య నాదంటూ ఒకటి వచ్చింది. దాని పేరు తెలుసుకోవాలనిపించింది. ముక్తార్‌ని అడిగితే, పేరు తెలిస్తే కూరలో ఉప్పు సరిగ్గా పడుతుందా అన్నాడు.

మా అక్క కూతురు అనమ్ కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. ఫోటో తీస్తే మసకగా వచ్చిందని, ఒక పొద్దున పిట్ట పాటను ఫోన్‌లో రికార్డు చేసి ఆమెకు పంపాను. బీడీలు చుడుతూ నేనూ చాలాసార్లు విన్నాను.

రెండు రోజులకు అనమ్ ఫోన్ చేసింది. వాళ్ళ జువాలజీ సార్ గుర్తుపట్టాడట. ఆరెంజ్ హెడెడ్ థ్రష్. పోచారం అడవి వైపు ఉండే పిట్ట, ఊళ్ళోకి రావడం అరుదట. అంతా గబగబా చెప్పేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఖాలా, నువ్వు ఆ రికార్డు విన్నవా?"

"ఎన్నిసార్లు విన్ననో బిడ్డా."

"మరి ఖాలూ మాటలు?"

ముక్తార్ మాటలా, ఏ మాటలు అని అడిగాను. నిజంగానే అడిగాను. అనమ్ ఏడ్చింది. సార్ క్లాసులో స్పీకరు పెట్టి అందరికీ వినిపించాడట. సగంలోనే ఆపేశాడట.

పెరట్లోకి వెళ్ళి మళ్ళీ విన్నాను. పిట్ట పాడుతున్నంతసేపూ వెనక ముక్తార్ గొంతు ఉంది. చాయ్ ఆలస్యమైంది. "చెవులు దొబ్బినయా? గొడ్డుకున్నంత తెలివి లేదు నీకు. మీ అమ్మ ఏం చూసి కన్నదే నిన్ను?" నడుమ నడుమ ఇంకెవరో ఆడమనిషి, వస్తున్న జీ, వస్తున్న అంటోంది. అది నేనేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

ఆ రోజు ఆయన ప్రత్యేకంగా కోపంలో ఏమీ లేడు. రోజూ అనేవే అన్నాడు. పెళ్ళైన కొత్తలో ఒక్కో మాటకు ఒక్కో రాత్రి ఏడ్చేదాన్ని. నోరు అట్లుంటది గానీ చెయ్యి చేసుకోడు కదా, సర్దుకో అనేది మా అమ్మీ. సర్దుకున్నాను. ఏ రోజు నుంచి వినడం మానేశానో గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆకుల మాటున ఉన్న పిట్ట చెంప మీది చారలు పట్టుకోగలిగిన దాన్ని, నా గొంతు నేనే పోల్చుకోలేకపోయాను. క్లాసు నిండా ఉన్న పిల్లలు ఒక్కసారికే విన్నదాన్ని నేను ఇన్నేళ్ళుగా వినలేదు. ఇంకా ఏమేం వినకుండా బతికానో అనుకుంటూ జామచెట్టు మొదట్లో కూర్చుని మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ఆ రికార్డును దోమకొండలో ఉన్న అమ్మీకి పంపాను. ఏమీ రాయలేదు. వింటే తెలుస్తుంది కదా అనుకున్నాను. పొద్దుగూకే వేళ ఆమె ఫోన్ చేసేదాకా చేతికి ఏ పనీ అంటలేదు.

"పిట్ట మంచిగ పాడింది బిడ్డా. మీ అబ్బాకు గూడ వినిపించిన."

"ఇంకేం వినలేదా అమ్మీ?"

"ఇంకేమున్నది అండ్ల?"

ఆ గొంతులో దాపరికం లేదు. ఆమెకు వినబడలేదు, అంతే. నా చిన్నప్పుడు ఇంట్లో అబ్బా ఆమెను ఏ తిట్టుతో పిలిచేవాడో నాకప్పుడు గుర్తొచ్చింది. ఏమీ లేదులే అమ్మీ అని ఫోన్ పెట్టేశాను.

వానలు తెరిపివ్వగానే పిట్ట రావడం మానేసింది. ఆ వారంలోనే అనమ్ మళ్ళీ ఫోన్ చేసింది. సార్ ఆ పాటను కాలేజీలో దాచిపెడతానన్నాడట. మనుషుల గొంతులు తీసేసి పిట్ట పాటొక్కటే మిగిల్చే ఉపాయం ఉందట. పరువు పోకుండా తీయించేస్తానని, శుభ్రం చేసిన పాట నాకూ పంపుతానని చెప్పింది. లోపల ముక్తార్ పిలుస్తున్నాడు.

"తియ్యకు బిడ్డా, అట్లనే ఉండనియ్" అన్నాను. "తీస్తే నాకు మళ్ళ వినవడుడు బందయితది."