ముసలోడిని సాగనంపడం

బురుల్ చేపల తొట్టెలోంచి వచ్చే రబ్బరు గొట్టం కొసను నోట్లో పెట్టుకుని పీల్చింది. నీళ్లు దిగగానే కొసను మూడు లీటర్ల సీసాలోకి వదిలింది. బిష్కెక్ ఆసుపత్రిలో రోగుల కోట్లు అందుకుని కొక్కేలకు తగిలించడం పదహారేళ్లుగా ఆమె పని. హాల్లోని ఆ తొట్టె చూసుకోమని ఆమెకెవరూ చెప్పలేదు.

హాలుకు రంగులేస్తున్నారు, తొట్టె తీసెయ్యమన్నారు. ఇంటి ముందుభాగంలో భోజనశాల నడిపే మేదెర్ దాన్ని కొన్నాడు. అందులో మిగిలింది ఒక్క చారల చేప. దాన్ని ముసలోడా అని పిలుస్తుంది. తన గదికే తీసుకెళ్దామంటే, అందులో మంచం పక్కన మనిషి నిలబడే చోటు లేదు. నిలబడే మనిషీ లేడు లెండి.

"ఈ నీళ్లన్నీ మొయ్యాలా అక్కా? మా ఇంట్లో కుళాయి లేదనుకున్నావా?" అన్నాడు మేదెర్.

"కుళాయి నీళ్లు పోస్తే చచ్చిపోద్ది. నోరు మూసుకుని పట్టుకో."

వ్యానులో చేప ఉన్న సీసాను కోటు లోపల పొట్టకు ఆనించుకుంది. గుంత వచ్చినప్పుడల్లా "ఇంకాస్తేరా ముసలోడా" అంది. మేదెర్ వేళాకోళమాడబోయి, ఎందుకో మానేశాడు.

భోజనశాలలో తొట్టె దించి, పాత నీళ్లు పోసి, చేపను వదిలింది. అది ఒక చుట్టు తిరిగింది. బురుల్‌కి ప్రాణం లేచొచ్చింది. మేదెర్ బియ్యం బస్తాలకని మళ్లీ బయల్దేరాడు.

వచ్చినవాళ్లు రొట్టె ముక్కైనా తుంచకుండా వెళ్లడం అక్కడ ఇంటివాళ్లని అవమానించడమే. మేదెర్ తల్లి ఆమెను లోపల కూర్చోబెట్టి, ఆసుపత్రి మనిషి దొరికింది కదా అని తన మోకాళ్ల సంగతంతా చెప్పింది. టీ పోయాల్సిన కోడలు ఎంతకీ రాలేదు.

బురుల్ వచ్చి చూసేసరికి తొట్టె తళతళలాడుతోంది. కొత్త కోడలు ఐజాదా, చన్నీళ్లకు కందిన చేతులతో, సంబరంగా నిలబడి ఉంది.

"నీళ్లు పచ్చగా ఉన్నాయి పిన్నీ. ఇంట్లో మురికి కనపడితే కోడల్నే కదా అంటారు! అన్నీ పారబోసి, రాళ్లు కూడా తోమి, కుళాయి నీళ్లు నింపేశా."

చేప పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు రెండుసార్లు కదిలాయి. తర్వాత కదల్లేదు.

"ఏం చేశావే?" అత్త గుమ్మంలోంచి అరిచింది. పిల్ల ముఖం పాలిపోయింది.

బురుల్‌కి గొంతు చించుకుని ఏడవాలనిపించింది. ఈ లోకంలో తన కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే.

"ఆ పిల్లేం చెయ్యలేదమ్మా" అంది. "ముసలిది. దారి కుదుపులకు నేనే చంపుకున్నా."

ఐజాదా పరుగున వెళ్లి గిన్నెలో సగం దాకా టీ పోసి తెచ్చింది; నిండా పోస్తే అతిథిని ఇక వెళ్లమన్నట్టే. "ఒక్క గుక్క తాగండి పిన్నీ."

"పొద్దుపోతోంది తల్లీ" అంటూ బురుల్ కోటు బొత్తాలు పెట్టుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.

బల్ల మీద, గౌరవంగా సగమే పోసిన పాల టీ గిన్నెలో మీగడ కట్టింది.