మాట వినని స్పీకరు

మా ఇంట్లో నేను పిలిచిన మొదటి పిలుపుకే పలికింది ఒక్కటే. అదీ మనిషి కాదు, పిడికిలంత స్పీకరు.

హాల్లో అందరికీ కలిపి ఒక స్పీకరు కొందామనుకుంటే దుకాణంవాళ్ళు రెండిచ్చి పంపారు. పదిహేను రోజులు ఇంట్లో పెట్టుకుని చూసి, నచ్చింది ఉంచుకుని రెండోది వాపసు ఇవ్వాలి. పేరు పెట్టి పిలిచి అడిగితే చాలు, నెట్‌లోంచి ఏ పాటైనా వెతికి వినిపిస్తాయి. ఒకటి నీళ్ళ బిందెంత ఉంది. దాన్ని డ్రమ్ము అన్నాం. చిన్నది డబ్బీ. నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ మామూలుగా అడిగినా డబ్బీ టక్కున అందుకునేది. డ్రమ్ము మాత్రం నేను పిలిస్తే ఒకసారి నీలం దీపం వెలిగించి, ఆర్పేసి, ఊరుకునేది. నాలుగైదు సార్లు అడిగితే గానీ పాడేది కాదు.

"ఇది అచ్చం మీ అమ్మగారే," అన్నాను మా ఆయనతో.

మా ఆయన పేపరు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అత్తయ్య స్కూల్లో ముప్పై ఏళ్ళు సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో చెవి అంటే ఆవిడదే. ఒకప్పుడు కుక్కరు కూతలో కూడా అపశ్రుతి పట్టి విసుక్కునేదట. ఇక పెద్ద కొడుకంటే ఆ చెవి కోసుకుంటుంది. ఆయనే మా బావగారు, లారీల షెడ్డులో మెకానిక్కు. ఇంజన్ల మధ్య అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అందించమన్నా వీధి చివరికి వినపడేలా అడుగుతారు. అక్క, అంటే నా తోడికోడలు, స్కూల్లో ఆటల టీచరు. మైదానం అదిరిపోయే గొంతు ఉన్నా చాలదని మెడలో ఈల కూడా వేసుకుంటుంది. వాళ్ళిద్దరిలో ఎవరు గుమ్మం అవతల నుంచి పిలిచినా అత్తయ్య వెంటనే తిరుగుతుంది. నేను వెనకే నిలబడి పిలిచినా పలకదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే, "ఏంటా గొణుగుడు? నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?" అంటుంది. ఒళ్ళు మండి నేను గొంతు పెంచితే హాయిగా నవ్వి, "ఆ, ఇప్పుడు చెప్పు," అంటుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ, అంటే మూడేళ్ళుగా, ఇదే భాగోతం.

మామయ్య ఎవరి పక్షమూ కాదు. దర్జీగా నలభై ఏళ్ళు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడిన మనిషి. షాపు మూసేసి చాలాకాలమైనా ఇప్పటికీ పెదాలు విప్పకుండానే మాట్లాడతారు.

నాకు ఓపిక నశించింది. నేను పనిచేసే చోటికి దగ్గర్లో రెండు గదుల వాటా చూసి వచ్చాను. ఆదివారం సాయంత్రానికి ఏ సంగతీ చెప్తానని ఆ ఓనరుతో అన్నాను. మా ఆయనకీ తేల్చి చెప్పాను.

"ఈ స్పీకరు విషయంలో కూడా, డబ్బీ ఉంచుదామన్న నా మాట మీ అమ్మగారు పక్కన పడేస్తే మనం వేరు వెళ్ళిపోతున్నాం."

పోస్టాఫీసులో రోజంతా ఉత్తరాలు వేరుచేసే మనిషి, వేరు కాపురం అనేసరికి చెమటలు తుడుచుకున్నాడు.

"స్పీకరు కోసం ఇల్లు మారతామా?"

"స్పీకరు కోసం కాదు. మాట కోసం."

శనివారం హాల్లో అందరం కూర్చున్నాం. ముందు బావగారు డ్రమ్ము పెట్టారు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. అత్తయ్య పెద్దకొడుకు ముఖంలోకి చూసి, "ఇదిరా పాటంటే," అంది. తర్వాత నేను డబ్బీ పెట్టాను. ఆవిడ మళ్ళీ పెద్దకొడుకు ముఖంలోకే చూసింది. ఆయన పెదవి విరిచారు. "ఏదో, ఉందిలే," అంది ఆవిడ.

నేను ఒంటికాలి మీద లేచాను. నా ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. కళ్ళు పరీక్ష చేసి నంబరు రాసేది నేనే. వరసలో కూర్చున్నప్పుడే ముందువాళ్ళు చదివే అక్షరాలు బట్టీపట్టేవాళ్ళనీ, మూసుకోమన్న కంటితో వేళ్ళ సందులోంచి చూసేవాళ్ళనీ రోజుకి నలుగురిని పట్టుకుంటాను. నా ముందా ఈ దొంగచూపులు?

"ఇది చెల్లదు," అన్నాను. "రేపు పరీక్ష నేను పెడతాను. అత్తయ్య గోడవైపు తిరిగి కూర్చోవాలి. మిగతావాళ్ళంతా బయట మెట్ల మీద ఉండాలి. ముఖాలు చూసి తీర్పులు చెప్పడం కుదరదు."

అత్తయ్య రెప్ప వేయకుండా నన్నే చూసింది. "ఎందుకే ఇంత రాద్ధాంతం? ఆ డ్రమ్మే ఉంచెయ్యండి," అంది. ముఖం పాలిపోయింది. దొరికిపోయానని భయపడుతోందనుకుని నేను లోలోపల తెగ సంబరపడ్డాను.

ఆదివారం భోజనాలయ్యాక నలుగురినీ మెట్ల మీదకి తోలి తలుపు వేశాను. పరీక్ష అవగానే ఊదమని అక్క తన ఈల నా చేతికిచ్చింది. కుర్చీ గోడవైపు తిప్పి అత్తయ్యని కూర్చోబెట్టాను. పాట మొదలుపెట్టేటప్పుడు భుజం తడతానని ఎదురుగా నిలబడి చెప్పి వెనక్కి వచ్చాను.

మొదట ఆవిడ భుజం తట్టి డబ్బీని అడిగాను. పాట వచ్చింది. ఆవిడ తల ఊపుతూ మోకాలి మీద తాళం వేసింది. ఒక నిమిషం విననిచ్చి, ఆపి, ఇక రెండోది అన్నట్టు మళ్ళీ భుజం తట్టి డ్రమ్ముని అడిగాను. నీలం దీపం వెలిగింది, ఆరిపోయింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే. విసుగెత్తి, కాస్త ఆగమని అత్తయ్యకి చెబుదామని తిరిగాను.

ఆవిడ తాళం వేస్తోంది.

అదే మోకాలు, అదే వేగం. తల కూడా ఊగుతోంది. హాల్లో ఫ్యాను కిర్రుకిర్రుమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు. కాసేపయ్యాక, "ఆహా. ఇదీ! రెండోదే బాగుంది," అంది గోడతో.

మా షాపులో అనుమానం వచ్చినవాళ్ళకి బోర్డు లైటు ఆర్పేసి చదవమంటాం. ఏమీ లేని బోర్డు చూసి గడగడా అక్షరాలు చదివేసినవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక కడుపుబ్బ నవ్వుకుంటాం. ఇప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ ఫ్యాను రెండేళ్ళుగా అలాగే అరుస్తోందనీ, అపశ్రుతిని భరించలేని మనిషి దాని గురించి ఒక్కరోజూ నోరెత్తలేదనీ అప్పుడు తట్టింది.

"అత్తయ్యా," అన్నాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా, "అత్తయ్యా," అన్నాను. తాళం ఆగలేదు. ఆవిడ పలకనందుకు మొదటిసారి కోపం రాలేదు, భయం వేసింది.

ముందుకి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"రెండోది మోగలేదత్తయ్యా."

ఆవిడ చూపు నా పెదాల మీద ఆగింది. చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది.

"మోగలేదా? మరి మొదటిది?"

"అది మోగింది."

"అలాగా," అంది. తలుపు వైపు ఒకసారి చూసి, "ఆ తేడా కూడా తెలియలేదే నాకు," అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రిటైరవడానికి ముందు నుంచే. ముందు పిట్టలు వినపడ్డం మానేశాయి. తర్వాత కుక్కరు. నువ్వు వచ్చేసరికి సన్నగొంతులన్నీ పోయాయి. పెద్దాడి గొంతు అందుతుంది, పెద్దకోడలి గొంతు అందుతుంది. నీ మాట నీ నోరు చూసి పోల్చుకోవాల్సిందే."

"మరి ఎదురుగా వచ్చి చెప్తే గొణుగుతున్నావని ఎందుకు తిడతారు?"

"నీకు కోపం వస్తే గొంతు లేస్తుందే. అప్పుడు నాలుగు మాటలు దొరుకుతాయి. అందుకని గిల్లేదాన్ని," అంది తప్పు చేసి దొరికిన పిల్లలా.

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఊరందరి కళ్ళల్లో దొంగతనం పట్టే నేను, ఇంట్లో మనిషి మూడేళ్ళుగా నా నోరు చూస్తూ నెట్టుకొస్తోందని కనిపెట్టలేకపోయాను. పైగా ఆవిడకి పొగరని ఊరంతా చెప్పుకుని తిరిగాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది, నోరు కనపడాలి కదా. "వాళ్ళకి చెప్పకమ్మా. శ్రుతి తప్పారని ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో! ఇప్పుడు చెవిటి టీచరమ్మ అనిపించుకోలేను. డ్రమ్మే అని చెప్పెయ్యి."

సరేనని లేచి ఈల ఊదాను. అంత దగ్గర్లో ఊదినా ఆవిడ కనురెప్ప కదల్లేదు.

నలుగురూ తోసుకుంటూ లోపలికి వచ్చారు. "ఏది గెలిచింది?" అన్నారు బావగారు.

"డ్రమ్మే," అన్నాను.

"అదీ మా అమ్మ చెవంటే!" అంటూ బావగారు డ్రమ్ముని చంకనెత్తుకుని హాలంతా తిరిగారు. మా ఆయన మాత్రం ముఖం వేలాడేసుకుని నా పక్కకి చేరి, "అయితే ఆ ఇంటి ఓనరుకి వస్తున్నామని ఫోను చేసెయ్యనా?" అన్నాడు. గుసగుసగా అన్నానని ఆయన ధీమా. అత్తయ్య ఎదురుగానే కూర్చుని ఉంది, ఆవిడకి పెదాలు కనపడితే చాలు.

"ఏ ఇంటి ఓనరు? ఎక్కడికిరా వెళ్తున్నారు?"

మా ఆయన నీళ్ళు నమిలాడు. "అదే అమ్మా... రెండు గదుల వాటా ఒకటి... నువ్వు ఈవిడ మాట అసలు వినవని..."

బావగారు డ్రమ్ముని కింద పెట్టేశారు. "ఇప్పుడేం వెళ్ళడం లేదు," అని నేను అంటూనే ఉన్నాను. అత్తయ్య నా వైపు చూడటం లేదు కాబట్టి అది ఆవిడకి చేరలేదు. ఆవిడ చిన్నకొడుకునే చూస్తూ కుర్చీలోంచి లేచింది.

"వినకపోవడం కాదురా," అంది. "వినపడదు."

ఎవరికీ అర్థం కాలేదు. అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"నాకు చెవులు పోయాయి. ఇందాక డ్రమ్ము అసలు మోగనే లేదు. మోగని పాటకి నేను తాళం వేస్తుంటే ఇది చూసింది. చూసి కూడా నా పరువు కాపాడాలని, తనే ఓడిపోయానని మీతో అబద్ధం చెప్పింది. నా పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళాల్సి వస్తే నాకింక ఆ పరువెందుకు?"

"ఏంటమ్మా నువ్వనేది?" అన్నారు బావగారు మెల్లగా. ఆ ఇంట్లో ఆయన గొంతు తగ్గడం అదే మొదలు. అందరికంటే ముందు తేరుకున్నది మామయ్య. నాకు తెలిసి మొదటిసారి పెదాలు పూర్తిగా విప్పి మాట్లాడారు.

"అయితే ఇన్నేళ్ళూ నేను నీకు ఎదురు చెప్పినవన్నీ?"

"మీరు నాకు ఎదురు చెప్పారా?" అత్తయ్య నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎప్పుడు?"

"రోజూ," అన్నారు మామయ్య, కుర్చీలో కూలబడుతూ. ఇంత చెప్పినా తిరిగి ఒక్క మాట అనడం లేదంటే తనంటే ఎంత భయమో అనుకుని సంతోషంగా బతుకుతున్నారట పాపం.

నేను వాటా ఓనరుకి ఫోను చేసి రావడం లేదని చెప్పాను. ఆ వారంలోనే అత్తయ్యని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వయసుతో పాటు ముందు సన్నని శబ్దాలే పోతాయని ఆయన చెబుతుంటే, సన్నగొంతు నాదే కాబట్టి బావగారు నా వైపు తిరిగి నన్నే దోషిలా చూశారు. రెండు చెవులకీ గింజంత మిషన్లు అమర్చారు. ఫోనుకి కలిపితే పాట నేరుగా వాటిల్లోకే వస్తుందని కూడా చెప్పారు.

ఇంటికి రాగానే అత్తయ్య చేసిన మొదటి పని ఫ్యాను వైపు తిరిగి ముక్కు చిట్లించడం. రెండోది, కుర్చీ తనే గోడవైపు తిప్పుకుని, "ఊఁ, ఇప్పుడు పెట్టండి పరీక్ష," అనడం. డ్రమ్మూ డబ్బీ రెండూ విని ఈసారి ఎవరి ముఖమూ చూడకుండానే తీర్పు చెప్పింది.

"పెద్దదానిది బొంగురు గొంతు. చిన్నది ముక్కుతో పాడుతోంది. రెండూ ఇచ్చేసి రండి."

మామయ్య గోడవైపు తిరిగి ఏదో గొణిగారు.

"ఏమన్నారు?" అంది అత్తయ్య.

"ఏమీ అనలేదే," అన్నారు మామయ్య. ఆయన ధైర్యసాహసాలు ఆ రోజుతో సరి.

బావగారూ నేనూ చెరో స్పీకరూ పట్టుకుని దుకాణానికి వెళ్ళి ఇచ్చేసి వచ్చాం. దారంతా ఎవరి దిగులు వాళ్ళది.

తిరిగొచ్చేసరికి అత్తయ్య గదిలో మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వీపు గుమ్మం వైపు ఉంది. అలవాటుగా చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళబోయి ఆగాను.

"అత్తయ్యా," అన్నాను నా మామూలు గొంతుతో.

చటుక్కున తిరిగింది. "ఏంటే?"

"ఊరికే పిలిచానత్తయ్యా," అన్నాను.

ఆవిడ నా ముఖం వంక కాసేపు చూసింది. తర్వాత మళ్ళీ అటు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చుంది.

"ఇంకోసారి పిలువు," అంది.